ప్రైమర్ మారిస్తే తూటా మారినట్టేనా?

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే దారిలో వచ్చాయి. గుంటూరు నుంచి వచ్చిన మొదటి ప్రశ్నకే సగం పేజీ పోయింది, అయినా పరవాలేదు, తూటాలోని మందుని అంటించే ప్రైమర్ అనే చిన్న బిళ్ల గురించి రాయాలని చాలా రోజులుగా నాకే ఉంది.

ప్రశ్న: మా అన్నయ్య టెక్సాస్‌లో ఉంటాడు. తన .308 రైఫిల్‌కి తూటాలు ఇంట్లో తనే తయారు చేసుకుంటాడు, అక్కడ సొంత వాడకానికైతే దానికి విడిగా లైసెన్సు అక్కర్లేదట. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పాడు. మందు అదే, బుల్లెట్ అదే, వాటిని పట్టి ఉంచే కేస్ (లోహపు డొల్ల) అదే. ఎప్పుడూ వాడే ప్రైమర్ షాపులో దొరక్క వేరే రకం పెట్టాడట, అంతే, 600 గజాల దగ్గర దెబ్బలు పైకీ కిందకీ చెదిరిపోయాయట. 100 గజాల దగ్గర మాత్రం ఏ తేడా లేదట. అంత చిన్న బిళ్ల ఇంత పని చేస్తుందా? మా నాన్నగారు అదంతా వాడి భ్రమ అంటున్నారు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: భ్రమ కాదండీ. 100 గజాల దగ్గర కనపడనిది 600 దగ్గర కనపడిందన్నారు చూడండి, అది కూడా పక్కలకి కాకుండా పైకీ కిందకీ, ఆ ముక్క చదవగానే మీ అన్నయ్య సరిగ్గానే గమనించారని నాకు అనిపించింది. ఎందుకో చెప్తాను.

ప్రైమర్ అంటే తూటా అడుగున మధ్యలో కూర్చునే చిన్న లోహపు గిన్నె. .308కి వాడే పెద్ద రైఫిల్ ప్రైమర్ వెడల్పు 0.210 అంగుళం, అంటే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు, మన చొక్కా గుండీలో సగం కూడా ఉండదు. దాని లోపల ఎండిన పూతలా కొంచెం మిశ్రమం ఉంటుంది, ఎక్కువ వాటిలో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్ లాంటివి. దానిపైన కమ్మరి దాగలిలా ఒక చిన్న రేకు ముక్క, కాళ్లతో. రైఫిల్ సూది వెనక నుంచి కొడితే గిన్నెకీ ఆ దాగలికీ మధ్య మిశ్రమం నలిగి భగ్గుమంటుంది, ఆ మంట ఒక సన్నటి రంధ్రంలోంచి కేస్‌లో ఉన్న మందులోకి దూరుతుంది.

దీపావళికి ఒకే పెట్టెలోంచి తీసిన రెండు చిచ్చుబుడ్లని పక్కపక్కన వెలిగించి చూడండి. ఒకటి అంటించగానే నిండుగా లేస్తుంది, రెండోది కాసేపు చిటపటలాడి అప్పుడు లేస్తుంది. తూటాలోనూ ఇదే, కాకపోతే అంతా సెకనులో కొన్ని వేల వంతుల్లో అయిపోతుంది. తుపాకి మందుకి ఒక గుణం ఉంది, ఒత్తిడి పెరిగే కొద్దీ అది ఇంకా వేగంగా మండుతుంది, కాబట్టి మొదట్లో మంట ఒక షాట్‌కి బలంగా, ఇంకో షాట్‌కి మెత్తగా తగిలితే ఆ చిన్న తేడా అక్కడితో ఆగదు, పెరుగుతూ పోయి చివరికి బుల్లెట్ గొట్టం దాటే వేగంలో తేలుతుంది. ఇంకో సంగతి, ప్రైమర్ తన సొంత గ్యాస్‌తో బుల్లెట్‌ని కాస్త ముందుకి నెట్టగలదు కూడా, మందు సరిగ్గా అంటుకోకముందే. ఒక షాట్‌కి నెట్టి ఇంకో షాట్‌కి నెట్టకపోతే, రెండు తూటాలూ పైకి ఒకేలా ఉన్నా లోపల జరిగేది ఒకటి కాదు.

ఇప్పుడు 100, 600 సంగతి. సెకనుకు 2600 అడుగులతో బయల్దేరే బుల్లెట్‌లో 30 అడుగుల తేడా వచ్చిందనుకోండి. 100 గజాల దగ్గర దాని ప్రభావం ఒకటిన్నర మిల్లీమీటరు, కాగితం మీద మీకు అసలు తెలియదు. 600 దగ్గర సుమారు మూడు అంగుళాలు. 1000 దగ్గర పది అంగుళాల దాకా పోతుంది. వేగం తగ్గిన బుల్లెట్ ఎక్కువసేపు గాల్లో ఉండి ఎక్కువ కిందకి దిగుతుంది, అందుకే చెదరడం నిలువుగా ఉంటుంది. దెబ్బలు అడ్డంగా చెదిరి ఉంటే గాలి మీదో ట్రిగ్గర్ మీదో అనుమానపడేవాణ్ణి. ఆయన నిలువుగా అన్నారు కాబట్టి ప్రైమర్ వైపు చూడడం సబబే.

మరి ఏ ప్రైమర్ మంచిది అని మీ అన్నయ్య అడుగుతారు, అందరూ అదే అడుగుతారు. ఫెడరల్ 210ఎం, సీసీఐ బీఆర్-2 అని పేర్లు వినపడుతూ ఉంటాయి, మ్యాచ్ షూటర్లు, అంటే పోటీల్లో పేల్చేవాళ్ళు, చాలామంది అవే వాడతారు. మ్యాచ్ అని రాసి ఉంటే ఎక్కువ బలమైనదని చాలామంది అనుకుంటారు, ఆ మాటకి అర్థం ఒకదానికొకటి ఎక్కువ సమానంగా ఉండేట్టు జాగ్రత్త తీసుకున్నవని. మ్యాగ్నం అని రాసి ఉంటే అప్పుడు నిజంగానే మంట ఎక్కువ. పెద్ద కేస్‌లో నెమ్మదిగా మండే మందు బాగా నింపినప్పుడు, లేదా తేలిగ్గా అంటుకోకుండా పైన పూత ఉండే గుండ్రటి గింజల మందు వాడినప్పుడు, లేదా గడ్డకట్టే చలిలో, దాని అవసరం ఉంటుంది. అవసరం లేని చోట మ్యాగ్నం వేస్తే ఒత్తిడి పెరుగుతుంది, నిలకడ పెరుగుతుందన్న హామీ ఏమీ లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అన్ని రైఫిళ్ళకీ, అన్ని మందులకీ మంచిదైన ప్రైమర్ అంటూ లేదు. ఆ మందుకి, ఆ కేస్‌కి, ఆ రైఫిల్ సూదికి పొత్తు కుదిరేది ఒకటి ఉంటుంది, అది పేల్చి చూస్తేనే తెలుస్తుంది. దీనికి ఒక చక్కటి ఉదాహరణ ఉంది. .308కి పెద్ద ప్రైమరే ఆనవాయితీ కదా, లపువా కంపెనీ అదే .308 కేస్‌ని చిన్న రైఫిల్ ప్రైమర్ పట్టేలా పామా అనే పేరుతో చేసింది. మంట తగ్గితే వేగాలు ఇంకా దగ్గర దగ్గరగా వస్తాయని. చాలామందికి వచ్చాయి కూడా. కానీ సూది దెబ్బ బలహీనంగా ఉన్న రైఫిల్‌లోనో, బాగా చలిలోనో అదే చిన్న ప్రైమర్ మందుని సరిగ్గా అంటించలేక ఇబ్బంది పెడుతుంది. ఒకరికి వరమైనది ఇంకొకరికి తలనొప్పి.

అయితే ప్రైమర్ రకం మీద తప్పు వేసే ముందు దాన్ని కూర్చోబెట్టిన తీరు చూడమనండి. ఇది నేను కళ్లారా చూసిన విషయం. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు వాడి స్నేహితుడు గరాజ్‌లో చేత్తో నొక్కే చిన్న పనిముట్టుతో ప్రైమర్లు ఎక్కిస్తున్నాడు, టీవీ చూస్తూ. మర్నాడు రేంజ్‌లో మూడో తూటాకి టక్‌మని చప్పుడు వచ్చింది, పేలలేదు. రేంజ్ నియమం ప్రకారం గొట్టం గురి వైపే ఉంచి కాసేపు ఆగి, మళ్ళీ కొడితే పేలింది. మిగిలిన తూటాలు నా చేతికిచ్చాడు. నేను కళ్లు మూసుకుని ఒక్కోదాని అడుగు మీద బొటనవేలు పోనిచ్చాను. కేస్ అంచు నుంచి మధ్యకి వచ్చేసరికి వేలు కొంచెం పల్లంలోకి దిగాలి. ఏడెనిమిది బాగానే దిగాయి, రెండు మాత్రం ఎత్తుగా తగిలాయి, గోరుకి అంచు పట్టుకుంటోంది. పైకి ఉండిపోయిన ప్రైమర్ ఏం చేస్తుందంటే, సూది దెబ్బలో కొంత బలం దాన్ని లోపలికి తొయ్యడానికే ఖర్చయిపోతుంది, మిశ్రమం నలగడానికి మిగిలేది తక్కువ. పేలినా ఆ మంట మిగతావాటిలా ఉండదు. పైగా సూది వదులుగా కదిలే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళలో ఎత్తుగా ఉన్న ప్రైమర్, తూటా వెనక తలుపులాంటి బోల్ట్ మూసుకోగానే, దానంతటదే పేలే ప్రమాదం ఉంది, అది వేరే పెద్ద భయం. కేస్ అంచు కంటే 0.002 నుంచి 0.005 అంగుళం లోపలికి, దాగలి కాళ్లు గుంట అడుగుని తాకేలా కూర్చోవాలి. గుంటలో పాత మసి ఉంటే అది కుదరదు, కాబట్టి శుభ్రం చేసుకోవాలి. మంట దూరే రంధ్రం దగ్గర లోపలివైపు లోహపు ముల్లు మిగిలి ఉంటే అది కూడా మంటని పక్కకి తిప్పుతుంది. ఆ కుర్రాడు ఆ తర్వాత టీవీ ఆపేసి పని చేశాడు, అదే పెట్టెలోని అవే ప్రైమర్లతో వేగాలు దగ్గరపడ్డాయి.

రైఫిల్ సూది స్ప్రింగ్ నీరసించినా, బోల్ట్ లోపల పాత ఆయిల్ జిగటగా గడ్డకట్టినా ఇలాంటి తేడానే వస్తుంది, అందరూ ప్రైమర్‌ని తిట్టుకుంటారు.

ఒక్క మాట మాత్రం మీ అన్నయ్యకి తప్పకుండా చెప్పండి. ప్రైమర్ రకం మార్చినప్పుడు పాత లెక్క ప్రకారం మందు పోయకూడదు. పాత ప్రైమర్‌తో క్షేమంగా ఉన్న మోతాదు కొత్తదానితో హద్దు దాటొచ్చు. మందు తగ్గించి, తయారీదారు పుస్తకంలోని తక్కువ మోతాదు నుంచి మళ్ళీ మెట్టు మెట్టుగా రావాలి. రెండు రకాల ప్రైమర్లు ఒక డబ్బాలో కలపకూడదు, వాటిని అమ్మిన అట్టపెట్టెలోంచి తీసి గాజు సీసాలో పోయడం ఇంకా ఘోరం, ఆ పెట్టెలో ఒక్కోదానికి ఒక్కో గుంట ఇచ్చింది ఒకటి పేలితే అన్నీ అంటుకోకూడదనే. కళ్లద్దాలు పెట్టుకోవాలి. అయిపోయాక చేతులు సబ్బుతో కడిగితేనే పిల్లల్ని ఎత్తుకోవాలి, అందులో ఉన్నది సీసం.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఒకాయన ఒక్కో ప్రైమర్‌తో అయిదు షాట్లు పేల్చి, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, వేగాలు ఎంత చెదిరాయో చెప్పే లెక్క) ఇంత వచ్చింది కాబట్టి ఇదే బెస్ట్ అని తేల్చేస్తున్నాడు. నేను బీటెక్ విద్యార్థిని, స్టాటిస్టిక్స్ కొంచెం తెలుసు. అయిదు చాలా? (పటమట, విజయవాడ)

జవాబు: చాలవు. మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ప్రైమర్ల గురించి జరిగే వాదాల్లో సగం ఈ ఒక్క తప్పు వల్లే పుడుతున్నాయి.

గుంటూరు మిర్చి యార్డులో ఎప్పుడైనా నిలబడి చూశారా? కొనేవాడు టిక్కీ పైన కనపడే నాలుగు కాయలు చూసి ధర చెప్పడు, మూతి విప్పించి లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీస్తాడు, పక్క టిక్కీలోంచి ఇంకో గుప్పెడు, రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. ఆ పట్టింపు ఈ వీడియోలు చేసేవాళ్ళకి ఉంటే బాగుండును.

లెక్క మీరే వేసుకోవచ్చు. కై స్క్వేర్ పట్టిక తీయండి. అయిదు షాట్లలో ఎస్‌డీ సెకనుకు 10 అడుగులు వచ్చిందనుకుందాం. 95 శాతం నమ్మకంతో అసలు ఎస్‌డీ 6 నుంచి దాదాపు 29 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఒక ప్రైమర్‌కి 6, ఇంకోదానికి 14 వస్తే మొదటిది మంచిదని చెప్పడానికి ఆధారమే లేదు, మర్నాడు మళ్ళీ పేలిస్తే తారుమారు కావచ్చు. అదే 20 షాట్లు పేల్చి 10 వస్తే అసలు విలువ సుమారు 7.6కీ 14.6కీ మధ్య. అప్పుడు కాస్త మాట్లాడుకోవచ్చు. ఎక్కువ తక్కువల మధ్య దూరం, అదే ఎక్స్‌ట్రీమ్ స్ప్రెడ్ అంటారు కదా, దానితో ఇంకో చిక్కుంది, షాట్లు పెరిగే కొద్దీ అది పెరుగుతూనే పోతుంది, కాబట్టి ఒకరి అయిదు షాట్ల స్ప్రెడ్‌ని ఇంకొకరి ఇరవై షాట్ల స్ప్రెడ్‌తో పోల్చడం అన్యాయం.

పోల్చేటప్పుడు మందు, బుల్లెట్, కేస్ అన్నీ ఒకే లాట్‌వి, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో చేసినవి, ఉండాలి, అదే రోజు, అదే ఎండలో, ఒక ప్రైమర్‌ది ఒకటి ఇంకోదానిది ఒకటి మార్చి మార్చి పేల్చాలి. ముందు ఒక రకం ఇరవై, తర్వాత రెండో రకం ఇరవై పేలిస్తే గొట్టం వేడెక్కిన తేడా కూడా ప్రైమర్ ఖాతాలోకి పోతుంది.

ప్రశ్న: నాకు లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది. తూటాల ధర భరించలేకపోతున్నాను. తూటాలు నింపే ప్రెస్ ఒకటి తెప్పించుకుని ఇంట్లో నేనే నింపుకోవచ్చా? బంధువు ఒకరు అమెరికా నుంచి ప్రైమర్లు తెస్తానంటున్నారు. (తెనాలి రోడ్డు, గుంటూరు)

జవాబు: వద్దు. దయచేసి వద్దు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. మీ దగ్గర ఉన్నది తుపాకి దగ్గర ఉంచుకునే లైసెన్సు, తయారీకి అది పనికిరాదు. ఆ చట్టంలో అమ్యూనిషన్ అన్న మాటకి ఇచ్చిన అర్థంలో తూటా భాగాలూ, తూటాలు తయారు చేసే యంత్రాలూ కూడా ఉన్నాయి, అంటే ఖాళీ ప్రెస్ ఒక్కటే తెచ్చుకుంటాను అన్నా అది చిన్న విషయం కాదు. ప్రైమర్లు విమానంలో సామానులో పెట్టి తేవడమంటే పేలుడు వస్తువు తేవడమే.

ఇది చదివే ప్రవాసులకీ ఒక మాట. అక్కడ రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగునే సర్దుకుని ఇక్కడికి బయల్దేరకండి. జిప్పు మూలలో ఒక్క తూటా ఉండిపోయినా ఎయిర్‌పోర్టులో స్కానర్ పట్టుకుంటుంది, అప్పుడు పెళ్ళికి వచ్చినవాళ్ళు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. అమ్మానాన్నల టెన్షన్ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: నేను ఎన్‌సీసీలో ఉన్న రోజుల్లో .303 పేల్చిన ప్రతిసారీ గొట్టంలో మరిగే నీళ్లు పోయించేవారు మా హవల్దారు గారు. ఇనుముకి నీళ్లు పోస్తే తుప్పు పట్టదా అని అప్పుడు అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు అడుగుతున్నాను. (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: అయ్యా, ఈ ఉత్తరం నన్ను యాభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. నేనూ పోశాను ఆ నీళ్లు. కెటిల్ లోంచి గరాటులోకి, గరాటు లోంచి గొట్టంలోకి, కింద నుంచి నల్లటి నీళ్లు వచ్చేవి, గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది.

దానికీ కారణం ప్రైమరే. ఆ పాత .303 ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అంటే మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. గొట్టం లోపల ఆ ఉప్పు పొరలా పడుతుంది, గాల్లో తేమని లాగేసుకుంటుంది, ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లినట్టే. మన కృష్ణ ఒడ్డు తేమకి మర్నాటికల్లా తుప్పు మొదలవుతుంది. నూనెలో ఉప్పు కరగదు, ఎంత ఆయిల్ పూసినా అది కిందనే ఉండి తినేస్తుంది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మరిగే నీళ్లే ఎందుకంటే, ఉప్పుని కడిగేశాక ఆ వేడికి గొట్టం దానంతటదే ఆరిపోతుంది, ఆ తర్వాత గుడ్డతో తుడిచి ఆయిల్ పూస్తే సరి. మీ హవల్దారు గారు చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. ఇప్పటి లెడ్ స్టిఫ్నేట్ ప్రైమర్లు ఇలా ఉప్పు మిగల్చవు కాబట్టి ఆ అలవాటు పోయింది.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇందులో ప్రైమర్ లేదు, మందు లేదు కదా, మరి మేము ఈ నిలకడ గొడవ పట్టించుకోవాలా? కోచ్ గారు పెల్లెట్లు ఒక సైజే కొనమంటున్నారు, షాపులో మాత్రం అన్నీ ఒకటే అంటున్నారు. (లబ్బీపేట, విజయవాడ)

జవాబు: కోచ్ గారి మాటే వినండమ్మా. ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, సూది మొన అంత. పెల్లెట్ అర గ్రాము పైన కొంచెం ఉంటుంది. తల వెడల్పు 4.49, 4.50 అని డబ్బా మీద రాసి ఉంటుంది, మిల్లీమీటరులో నూరో వంతు తేడా, అయినా ఆ రైఫిల్ గొట్టానికి ఒకటి నప్పుతుంది, ఇంకోటి నప్పదు. మూడు నాలుగు సైజులు ఒక్కో డబ్బా తెచ్చి, రైఫిల్‌ని అకాడమీలో క్లాంప్‌కి బిగించి, ఒక్కోదానితో పది షాట్లు రెండు మూడు సార్లు పేల్చి, ఏ సైజుకి రంధ్రం చిన్నగా గుండ్రంగా వస్తుందో చూడమని కోచ్ గారినే అడగండి. దొరికాక డబ్బా మీద లాట్ నంబరు రాసుకుని, అదే లాట్ ఆరు నెలలకి సరిపడా ఒకేసారి కొనండి.

రేపు మీ అమ్మాయి 50 మీటర్ల రైఫిల్‌కి వెళ్తే, పారిస్ 2024లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన ఈవెంట్ అది, అక్కడ ప్రైమర్ మళ్ళీ ఎదురవుతుంది. .22 తూటాకి విడిగా ప్రైమర్ గిన్నె ఉండదు, మిశ్రమాన్ని తడిగా కేస్ అడుగున వేసి గిర్రున తిప్పితే అంచు మడతలోకి సర్దుకుంటుంది. అది ఎంత సమానంగా సర్దుకుందన్నది ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, మనం మార్చగలిగింది ఏమీ లేదు. అందుకే పెద్ద షూటర్లు తమ రైఫిల్ పట్టుకుని తయారీదారుల టెస్ట్ రేంజ్‌కి వెళ్ళి, లాట్ తర్వాత లాట్ పేల్పించి చూసి, నచ్చిన లాట్ మొత్తం కొనుక్కుంటారు. అంతదాకా మీకు ఇప్పుడే అక్కర్లేదు. ఇప్పటికి ఒక చిన్న అలవాటు చాలు: పెల్లెట్ డబ్బా కింద పడేస్తే, సొట్టపడ్డ అంచులున్నవి ఏరి పక్కన పెట్టి ప్రాక్టీసులో కూడా వాడొద్దని అమ్మాయికి చెప్పండి.